లారీ బయల్దేరే తేదీ నుంచి వెనక్కి లెక్క

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు సగం దాటిందంటే గుంటూరు, విజయవాడల్లో చిన్న, మధ్యతరహా సంస్థలకు ఊపిరాడదు. కొత్త మిర్చి రాక, సంక్రాంతి గిరాకీ, ఆ వెనకే మార్చి లెక్కలు, బ్యాంకు లిమిట్ రెన్యువల్ అన్నీ మూడు నెలల్లో మీద పడతాయి. ఏటా ఇదే వరస. ఏటా వచ్చేదాన్ని చూసి ఏటా కంగారు పడటం, ఆ కంగారులో లాభం కాస్తా జారిపోవడం చూస్తుంటే మనసుకు కష్టంగా ఉంటుంది. సంస్థ నడపడంలో ప్రణాళిక ఏం చేస్తుందో, పరీక్షలో రాసే నిర్వచనంలా కాకుండా షెడ్డులో జరిగే పని మీద పెట్టి చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. మేం ఈ రెండు ఊళ్ళలో కారం మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, ఆటోనగర్ షెడ్లలో ఉత్పత్తి, కొనుగోళ్ళు, లెక్కలు చూసేవాళ్ళం. లెక్కలు లేకుండా ఈ సంగతి చెప్పడం కుదరదు, అందుకే ఉత్తరం పొడుగైంది. మన్నించాలి.

అసలు మాటల దగ్గరే తికమక ఉంది. 'ఈ ఏడు 3 కోట్ల టర్నోవర్ చెయ్యాలి' అన్నది లక్ష్యం. 'ఈ ధరలు నిలబడితే 3 కోట్లు అవ్వచ్చు' అన్నది అంచనా. ఈ రెండిట్లో ఏదో ఒకటి కాగితం మీద పెట్టి ప్రణాళిక అనేస్తున్నాం. ఏ పని, ఎంత, ఎవరి చేతుల మీదుగా, ఏ తేదీకి, దేన్ని నమ్ముకుని అన్నవి రాస్తేనే అది ప్రణాళిక. అప్పు కోసం ఆడిటర్ దగ్గర చేయించే ప్రాజెక్టు రిపోర్టులో మొదటి ఏడు 60 శాతం సామర్థ్యం, రెండో ఏడు 70, మూడో ఏడు 80 అని ఉంటుంది. ఆ 60 ఎక్కణ్ణుంచి వచ్చిందని షెడ్డులో సూపర్‌వైజర్‌ని అడిగితే తెల్లమొహం వేస్తాడు. ఆయన్ను ఎవరూ అడగలేదు మరి. లోను మంజూరైన రోజే ఆ ఫైలు బీరువా ఎక్కుతుంది, మళ్ళీ రెన్యువల్‌కే దిగుతుంది.

ఫ్రాన్స్‌లో గనుల కంపెనీని నడిపిన హెన్రీ ఫేయోల్ 1916లోనే నిర్వహణ పనుల్లో ప్రణాళికను మొదటి వరసలో కూర్చోబెట్టాడు. మంచి ప్రణాళికకు ఏకత, నిరంతరత, వెసులుబాటు, కచ్చితత్వం ఉండాలన్నాడు. మన బీకాం పిల్లలు ఇది కంఠతా చెబుతారు. కానీ కచ్చితత్వమూ వెసులుబాటూ ఒకే ఒరలో ఎలా ఇముడుతాయి? ఒక ఆర్డరు ముందు పెట్టుకుని చూస్తే తప్ప దీనికి జవాబు దొరకదు.

ఒక కారం మిల్లుకు డిసెంబరు 20న ఆర్డరు వచ్చిందనుకుందాం. 20 టన్నుల కారం, 200 గ్రాముల ప్యాకెట్లు, అంటే లక్ష ప్యాకెట్లు. ఫిబ్రవరి 28న లారీ బయల్దేరాలి. చేతిలో 70 రోజులున్నాయి. వినగానే 'బోలెడు టైముంది, పండగ అయ్యాక చూద్దాం' అనిపిస్తుంది. అలా అనుకున్న క్షణానే ఆర్డరు ఆలస్యమైపోయినట్టు. ఎందుకో చూద్దాం.

ముందు కాయ లెక్క. తొడిమ, తాలు, దుమ్ము, ఆడించేటప్పుడు పోయే తేమ అన్నీ కలిపి తరుగు నూటికి పది అనుకుందాం. చాలా చోట్ల 20 టన్నులకు పది శాతం కలిపి 22 టన్నులు కొంటారు. 22 టన్నుల్లో పది శాతం పోతే మిగిలేది 19 టన్నుల 800 కిలోలే. 200 కిలోలు తక్కువ, అంటే వెయ్యి ప్యాకెట్లు. తరుగును కలపకూడదు, మిగిలే వంతుతో భాగించాలి. 20ని 0.90తో భాగిస్తే 22.22 టన్నులు. 40 కిలోల టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కన 556. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ ఆ వెయ్యి ప్యాకెట్ల కోసం ఆఖరి రోజున దొరికిన కాయ కొని ఆడిస్తే చివరి పెట్టెల్లో కారం రంగు తేడా వస్తుంది. కొన్నవాళ్ళు గిడ్డంగిలో ముందుగా విప్పేది ఆ పెట్టే అయిందా, మొత్తం లోడు మీదే అనుమానం.

తర్వాత మిషన్ల లెక్క. ప్యాకింగ్ మిషను పలక మీద నిమిషానికి 40 ప్యాకెట్లు అని ఉంటుంది. ఎనిమిది గంటలకు 19,200, లక్షకు అయిదు రోజుల పైచిలుకు. పలక మీది అంకె ఆగకుండా తిరిగే మిషనుకు సంబంధించింది. రోలు మార్చాలి, సీలు సరిగ్గా పడక ఆపాలి, కారం దుమ్ము సెన్సరు మీద పేరుకుంటే తుడవాలి, మనుషులు అన్నం తినాలి. లాగ్ బుక్కులో నెల రోజులవి కూడి చూస్తే నూటికి 65 వస్తే గొప్ప. 65 శాతమంటే రోజుకు 12,480, లక్షకు ఎనిమిది రోజులు నిండా పడుతుంది. తొమ్మిది పెట్టుకోవాలి. ఇక కాయను పొడి చేసే పల్వరైజర్ గంటకు 200 కిలోలు ఆడిస్తుందనుకుంటే 20 టన్నులకు వంద గంటలు. జల్లెడ మార్పు, శుభ్రం, వేడెక్కిన మిషను చల్లారడం పోను షిఫ్టులో ఆడేది ఆరున్నర గంటలు. అంటే 16 షిఫ్టులు. ఆపకుండా ఆడిస్తే కాదా అంటే, అవుతుంది, వేడికి కారం రంగు మాడుతుంది.

ఇక్కడ ఒక తప్పు తరచూ జరుగుతోంది. చివరి వారంలో జనం మూగేది, అరుపులు వినిపించేది ప్యాకింగ్ గదిలో. దాంతో అక్కడే ఇరుకు ఉందని ఇంకో ప్యాకింగ్ మిషను కొంటారు. పై లెక్క చూడండి: ప్యాకింగ్‌కు 9 షిఫ్టులు, ఆడించడానికి 16. అసలు ఇరుకు మిల్లు దగ్గరుంది. కొత్త మిషను కారం కోసం నోరు తెరుచుకుని కూర్చుంటుంది, దాని మీద వాయిదా మాత్రం నెల నెలా కట్టాలి. పల్వరైజర్‌ను రెండు షిఫ్టులు నడిపి ఉంటే రూపాయి పెట్టుబడి లేకుండా ఎనిమిది రోజుల్లో అయ్యేది.

ఇప్పుడు తేదీలు. ఫిబ్రవరి 28 నుంచి వెనక్కి రావాలి. ఇవాళ్టి నుంచి ముందుకు వెళ్తే ప్రతి పనికీ టైముందనే అనిపిస్తుంది, అందుకే ముందుకు లెక్కేసే అలవాటు ప్రమాదం. చివర రెండు రోజులు ఖాళీ వదిలి ప్యాకింగ్ 25కి ముగించాలి. ఆదివారాలు కలుపుకుంటే 15న మొదలవ్వాలి. ల్యాబ్ రిపోర్టు రాకుండా ప్యాక్ చేస్తే, బూజు వల్ల పుట్టే విషం అఫ్లాటాక్సిన్ ఎక్కువని తేలిన రోజున లక్ష ప్యాకెట్లూ కోయాలి. రిపోర్టుకు ఏడు రోజులు పట్టేట్టయితే మొదటి బ్యాచి శాంపిలు 7న వెళ్ళాలి, అంటే 6న మిల్లు రెండు షిఫ్టులతో తిరగాలి. బ్యాచికి నంబరు వేసి ఏ బ్యాచి రిపోర్టు వస్తే ఆ బ్యాచి ప్యాక్ చేస్తూ పోతే రెండు పనులూ పక్కపక్కనే సాగుతాయి. తొడిమలు తీసే పని మనిషికి రోజుకొక టిక్కీ అనుకుంటే 556 టిక్కీలకు 556 పనిదినాలు. నలభై మందైతే 14 రోజులు, ఆదివారాలతో కలిపి జనవరి 21న మొదలవ్వాలి. జనవరి, ఫిబ్రవరిల్లో తొడిమలు తీసే ఈ ఆడవాళ్ళే పల్లెల్లో కాయ కోతలకు వెళ్తారు, కోత కూలి ఎక్కువ కూడా. పండగకు ముందే మేస్త్రితో మాట్లాడి, కూలి రేటు తేల్చి, కొంత అడ్వాన్సు ఇస్తే తప్ప 21న నలభై మంది గేటు దగ్గర కనిపించరు.

కాయ ఎప్పుడు కొనాలి? తొడిమలు 21న మొదలవ్వాలంటే అంతకుముందే. భోగి, సంక్రాంతి, కనుమ యార్డు సెలవుల్లో పోతాయి. కనుమ మర్నాడు బస్తాలు మోసే ముఠా పూర్తిగా రాదు. కొత్త కాయ అప్పటికి కొద్దికొద్దిగానే వస్తుంది, తేమ కూడా ఎక్కువగా ఉంటుంది. 11 శాతం దాటిన కాయ జల్లెడకు అతుక్కుంటుంది, నిల్వలో బూజు పడుతుంది. కనుక ఏసీ సరుకు, అంటే కోల్డ్ స్టోరేజీలో ఉన్న పాత కాయ, చూసుకుని జనవరి 10 లోపల కొనేయాలి. ప్యాకెట్ ఫిల్మ్ సంగతి మరీ మరిచిపోతారు. ప్యాకెట్‌కు మూడున్నర గ్రాముల లెక్కన 350 కిలోలు, మిషను సెట్టింగులో పోయేది కలిపి 370 కిలోలు కావాలి. అది ఫిబ్రవరి 12కి షెడ్డులో ఉండాలి. ప్రింటింగుకు 25 రోజులంటే జనవరి 18న ఆర్డరు ఖాయం కావాలి. దానికి ముందు కొనుగోలుదారు బొమ్మ, బరువు, ఎంఆర్‌పీ, పదార్థాల వివరాలు చూసి సరేననడానికి పది రోజులు. అంటే జనవరి 8. 70 రోజులనుకున్నది తీరా 19 రోజులైంది. డిసెంబరు 20 నుంచి జనవరి 8 లోపల డిజైను వెళ్ళకపోతే ఫిబ్రవరి 28 లారీ ఆలస్యమని ఆ రోజే రాసిపెట్టుకోవచ్చు. కానీ ఆ సంగతి సంస్థకు తెలిసేది ఫిబ్రవరి 15న, రోలు కోసం ప్యాకింగ్ మిషను ఖాళీగా నిలబడినప్పుడు. అప్పుడు తిట్లు తినేది స్టోర్ గుమాస్తా.

డబ్బు లెక్క వేరే కాగితం అనుకోకూడదు, అదీ ఇందులో భాగమే. క్వింటా 15,000 అనుకుంటే 556 టిక్కీలకు 33 లక్షల 36 వేలు. జనవరి 10న చెల్లిస్తాం. సరుకు ఫిబ్రవరి 28న వెళ్తుంది, డబ్బు 45 రోజులకు, ఏప్రిల్ 14న వస్తుంది. 94 రోజులు. 11 శాతం వడ్డీ అయితే ఒక్క కాయ మీదే 94,500 చిల్లర, అంటే కిలో కారానికి దాదాపు 4 రూపాయల 70 పైసలు. ధర చెప్పేటప్పుడు ఇది వేసుకోకపోతే లాభంలోంచే పోతుంది. ఈ మధ్యలో 7న టీడీఎస్, 15న పీఎఫ్, ఈఎస్‌ఐ, 20న జీఎస్టీ, మార్చి 15న అడ్వాన్స్ ట్యాక్స్ ఆఖరి విడత, ప్రతి శనివారం కూలీల బట్వాడా ఆగవు. అందుకే వచ్చే 13 వారాలకు వారం వారం ఎంత వస్తుంది, ఎంత పోతుంది అన్న పట్టిక ఒకటి ప్రతి సంస్థలో ఉండాలి. మొదటి రెండు వారాలు రోజు లెక్కన, తర్వాతవి వారం లెక్కన. ఒక వారం గడవగానే చివర ఇంకో వారం చేర్చాలి. బ్యాంకు క్యాష్ క్రెడిట్ (సీసీ) పరిమితి మీద ఆశ పెట్టుకునేవాళ్ళు డ్రాయింగ్ పవర్, అంటే సరుకు విలువను బట్టి నిజంగా వాడుకోగలిగే మొత్తం, వేరని గుర్తుంచుకోవాలి. పరిమితి 40 లక్షలున్నా, సరుకు 30 లక్షలకు దిగితే 25 శాతం మార్జిన్ పోను వాడుకోగలిగేది 22.5 లక్షలే.

చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారులకు ఒక ఆసరా ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కొనుగోలుదారు డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం చెబుతోంది. గడువు దాటితే ఆ ఖర్చును కొనుగోలుదారు అసలు డబ్బు కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలని 2023-24 నుంచి ఆదాయపు పన్నులో నిబంధన వచ్చింది. ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ నంబరు వేయడం, ఒప్పందంలో 45 అని రాయించుకోవడం ఆర్డరు తీసుకున్న రోజే చెయ్యాలి. మార్చిలో ఫోన్లు చేసి బతిమాలడం కంటే ఇది సులువు.

ఇక ఫేయోల్ అన్న కచ్చితత్వం, వెసులుబాటు సంగతి. పైన రాసిన ప్రతి అంకె వెనకా ఒక నమ్మకం ఉంది. మనిషికి రోజుకొక టిక్కీ అనుకున్నాం, తరుగు పది శాతమనుకున్నాం, ధర 15,000 అనుకున్నాం. ఆ నమ్మకాన్ని అంకె పక్కనే రాయాలి. ఏ గీత దాటితే ఏం చేస్తామో కూడా రాయాలి. ధర 16,500 దాటితే మిగతా కాయ కొనక ముందే కొనుగోలుదారుతో మాట్లాడతాం. తొడిమలకు వరసగా మూడు రోజులు 32 మందికి తగ్గితే ఇంకో మేస్త్రికి సగం పని అప్పజెబుతాం, ఎందుకంటే 32 మందితో 14 రోజుల పని 18వ రోజుకు వెళ్తుంది. తేదీలు కచ్చితంగా ఉన్నాయి కాబట్టే ఎంత జరిగిందో తెలుస్తోంది; ఎప్పుడు మార్చుకోవాలో ముందే రాసి ఉంది కాబట్టే మార్పు వచ్చినప్పుడు కేకలు లేవు. ప్రణాళికను మార్చడం చేతకానితనమని మన పెద్ద యజమానులు కొందరు అనుకుంటారు. మార్చాల్సిన రోజున మార్చకుండా పాత తేదీలనే పట్టుకు వేలాడటమే నష్టం.

ఖాళీ రోజుల గురించి ఒక మాట. కొనుగోళ్ళ వాళ్ళను అడిగితే ఏడు రోజుల పనికి పది అంటారు, మిల్లు వాళ్ళు ఎనిమిదికి పన్నెండు అంటారు. ఎవరి భయం వాళ్ళది. ఇలా ఎవరి కొంగున వాళ్ళు ముడేసుకున్న రోజులు ఎవరికీ అక్కరకు రావు. పది చెప్పినవాడు ఏడుకు పూర్తయినా పదో రోజే అప్పగిస్తాడు, ముందే ఇస్తే వచ్చేసారి ఏడే ఇస్తారని. అసలు రోజులు చెప్పమని, ఆలస్యమైతే వేలెత్తి చూపబోమని మాటిచ్చి, మిగిలిన రోజులన్నీ లారీ ముందు ఒకేచోట పెట్టాలి. ఆ రోజులు ఎవరు వాడుకుంటున్నారో అందరికీ కనిపించాలి. మనిషి తన పనికి పట్టే సమయాన్ని తక్కువ లెక్కేస్తాడని మనస్తత్వ శాస్త్రజ్ఞులు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. దానికి మందు కూడా మన దగ్గరే ఉంది. కిందటి అయిదు ఆర్డర్ల రిజిస్టరు తెరిచి, అనుకున్న రోజులు, పట్టిన రోజులు పక్కపక్కన రాస్తే చాలు.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లకు ఇంకో రకం జబ్బు. వచ్చిన ఛాసిస్‌నల్లా (బాడీ లేని లారీ చట్రాన్ని) లోపలికి తోసి, ప్రతిదానికీ కాస్త పని మొదలుపెడతారు. 'నీ బండి మొదలైంది' అని చెప్పుకోవడానికి, అడ్వాన్సు తీసుకోవడానికి. నెలకు నాలుగు బాడీలు పూర్తిచేసే షెడ్డులో పన్నెండు బండ్లు ఉంటే, ఇవాళ వచ్చిన బండి బయటికి వెళ్ళేది మూడు నెలలకు. పన్నెండును నాలుగుతో భాగించడమే, ఇందులో ఇంకో విద్య లేదు. ఆరే తీసుకుంటే నెలన్నర. మిగతా ఆరింటికి ఫలానా తేదీకి తీసుకురండి అని చీటీ ఇస్తే ఓనరు ఆ నెలన్నర బండిని తిప్పుకుంటాడు, షెడ్డులో వెల్డరు ఒక బండి మీద నుంచి ఇంకో బండికి పరుగెత్తే పని ఉండదు, రేకులు తుప్పు పట్టవు. పనులు ఎన్ని మొదలుపెట్టామన్నది కాదు, ఒకేసారి ఎన్ని తెరిచి ఉంచామన్న అంకె బోర్డు మీద రాసి పెట్టుకోవాలి.

కోల్డ్ స్టోరేజీలకు మార్చి, ఏప్రిల్ నిండే కాలం. గది చల్లబడే శక్తి ఎంతో ప్లాంటు వేసిన ఇంజనీరు కాగితంలో ఉంటుంది. రోజుకు అంతకు మించి వేడి బస్తాలు ఎక్కిస్తే పాత సరుకు కూడా వేడెక్కుతుంది. కంప్రెసర్ ఓవర్‌హాలు, అమోనియా లైన్ల పరీక్ష, వైరింగ్ తనిఖీ జనవరిలోనే ముగియాలి. బస్తాలు నిండాక ఏ మెకానిక్కూ గది ఖాళీ చేయించలేడు. పేర్చేటప్పుడు ఎవరి సరుకు ముందు దిగుతుందో అడిగి దాన్ని దారి వైపు పెట్టాలి, లేకపోతే ఇరవై టిక్కీల కోసం రెండొందలు కదపాలి, ఆ ముఠా కూలి ఎవరి ఖాతాలో వేయాలన్నది పెద్ద తగువు.

అనుకోనివాటికి ప్రణాళిక ఏమిటని కొందరంటారు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురాలను ముంచింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద, పడవలు కొట్టుకొచ్చి గేట్లకు తగలడం అందరం చూశాం. ఎప్పుడు వస్తుందో చెప్పలేం. వస్తే ఏం చెయ్యాలో మాత్రం ఎండాకాలంలోనే రాసుకోవచ్చు. గిడ్డంగిలో కింది వరసలో ఏ సరుకు పెడతాం, జనరేటరు ఎంత ఎత్తులో ఉంది, లెక్కల కంప్యూటరు కింది అంతస్తులో ఉంటే దాని నకలు రోజూ ఎక్కడికి వెళ్తోంది, అర్ధరాత్రి ఎవరికి ఎవరు ఫోన్ చేస్తారు. అన్నిటికంటే ముఖ్యం బీమా. సీజను కాని రోజుల్లో 20 లక్షల సరుకుకు తీసుకున్న పాలసీ, సీజనులో 40 లక్షల సరుకున్నప్పుడు అలాగే ఉంటుంది. అప్పుడు 10 లక్షల నష్టం జరిగితే బీమా కంపెనీ, ఉన్న సరుకులో సగానికే పాలసీ ఉంది కాబట్టి, ఆ నిష్పత్తిలో సగమే, 5 లక్షలే ఇస్తుంది. సీజనుకు ముందు పాలసీ మొత్తం పెంచుకోవడం క్యాలెండరులో ఒక తేదీగా ఉండాలి. తేదీ లేని జాగ్రత్త ఎవరికీ గుర్తుండదు.

అనుకోనివి సరే, పన్నెండేళ్ళ ముందే తెలిసేవి కూడా మనకు హఠాత్తుగానే వస్తాయి. కృష్ణా పుష్కరాలు 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగాయి, మళ్ళీ 2028లో. ఘాట్ల చుట్టుపక్కల హోటళ్ళు, ట్రావెల్స్, మంచినీళ్ళ ప్లాంట్లు, టెంటు సామాను వాళ్ళు ఈసారైనా ఏడాది ముందు నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలని మా కోరిక.

ప్రణాళిక ఎవరు వేయాలి అన్నదాంట్లోనే చాలా సంస్థలు తడబడతాయి. యజమాని బుర్రలో అంతా ఉంటుంది, ఆయన ఫోన్ ఎత్తని పూట షెడ్డు ఆగుతుంది. లేదా ఆఫీసులో కూర్చుని కంప్యూటర్లో రంగురంగుల పట్టిక గీస్తారు, మిల్లు మేస్త్రి దాన్ని చూడనే చూడడు. పని చేసేవాడి నోటి నుంచి వచ్చిన రోజుల లెక్కే నిలబడుతుంది. తెల్లకాగితం మీద, తెలుగులో, ఒక పేజీ చాలు: పని, పరిమాణం, మొదలు, ముగింపు, పేరు, నమ్మకం. 'ప్రొడక్షన్ డిపార్ట్‌మెంట్' అని రాస్తే ఎవరూ రాయనట్టే, ఒక మనిషి పేరుండాలి. ప్రతి సోమవారం పొద్దున మిషన్లు ఎక్కక ముందు ఇరవై నిమిషాలు నిలబడి మూడే అడగాలి: పోయిన వారం అనుకున్నది ఎంత అయింది, కానిది ఎందుకు కాలేదు, లారీ తేదీ కదిలిందా. కానిదానికి కారణం అదే పేజీ వెనక ఒక వాక్యంలో రాయాలి. మూడు నెలలకు ఆ వాక్యాలు చదివితే అదే కారణం ఎన్నిసార్లు వచ్చిందో తెలుస్తుంది. ఎక్కువసార్లు వచ్చిన ఆ ఒక్క కారణం మీదే డబ్బు పెట్టాలి. ఆరు నెలల తర్వాతి పనిని గంటల లెక్కన రాయడం కూడా శ్రమ దండగ. ఏడాదిని మూడు నెలల ముక్కలుగా, మూడు నెలల్ని వారాలుగా, వచ్చే రెండు వారాల్నే రోజులుగా విడగొట్టుకుంటే సరిపోతుంది.

మీ పత్రిక ద్వారా మూడు విన్నపాలు. బ్యాంకు మేనేజర్లు రెన్యువల్ సమయంలో పాత ప్రాజెక్టు రిపోర్టుతో పాటు ఈ 13 వారాల పట్టిక కూడా అడగాలి. అడిగితేనే చేసే అలవాటు వస్తుంది. మన డిగ్రీ కాలేజీల కామర్స్ అధ్యాపకులు 'ప్రణాళిక లక్షణాలు తెలుపుము' అన్న ప్రశ్నతో ఆపకుండా, పిల్లల చేత ఒక నిజమైన ఆర్డరుకు, పక్క వీధి బేకరీ పండగ ఆర్డరైనా సరే, తేదీల లెక్క వేయించాలి. ఇక మీకు: డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ప్రతి సోమవారం గుంటూరు, విజయవాడ ఎడిషన్లలో మిర్చి యార్డు సెలవులు, ఆ వారం కరెంటు కోతలుండే ఫీడర్లు, పన్నుల గడువులు ఒకే చోట గళ్ళు కట్టి వేయండి. ఇప్పుడు అవి వేర్వేరు పేజీల్లో, ఒక్కోసారి ముందురోజు వస్తున్నాయి. రెండు వారాల ముందువి వేస్తే మిల్లుల్లో మేస్త్రీలు కత్తిరించి గోడకు అంటించుకుంటారు.

ఇట్లు,
కారం మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, ఆటోనగర్ షెడ్లలో పనిచేసే కొందరు ఉద్యోగులు,
గుంటూరు – విజయవాడ.